మాణిక్యమ్మ పుచ్చిన నిద్ర

మొఘల్‌పురాలో ఉండే భిక్షపతి గోదాము కావలి కాసి, తెల్లవారాక ఇంటికొచ్చి పడుకునేవాడు. చంటి కొడుకు సరిగ్గా అప్పుడే ఏడుపు అందుకునేవాడు. భార్య నీలమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వాకిట్లో ఎంత తిరిగినా ఊరుకునేవాడు కాదు. బిడ్డను ఎత్తుకోవడం కూడా తల్లి నేర్పలేదా అంటూ అత్త మాణిక్యమ్మ వాణ్ణి లాక్కుని లోపలికి పోయేది. కాసేపటికి ఏడుపు ఆగేది. తన చేతి మహిమను వాడకట్టు ఆడవాళ్లకు చెప్పుకుని కోడలిని నవ్వులపాలు చేసేది.

అట్లా పడుకున్న బిడ్డ పొద్దువాలినా లేచేవాడు కాదు. లేచినా, రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలకే తల వాల్చేసేవాడు. పాలు గడ్డకట్టి నీలమ్మకు జ్వరం తగిలింది. బిడ్డకు పక్కటెముకలు తేలాయి. కోడలి మనసులో విషముంటే పాలల్లో బలం ఎక్కడిదని మాణిక్యమ్మ కొడుకుకు నూరిపోసింది. భిక్షపతి భార్యను ఏమీ అడగలేదు. అమ్మ చెప్పినట్టు వినమన్నాడు.

ఒక మధ్యాహ్నం బిడ్డ మూతి తుడుస్తుంటే నీలమ్మ కొంగుకు గోధుమరంగు మరక అంటింది. నాలుకకు తాకించి చూసింది. చేదు. బిడ్డను ఎత్తుకుని పక్కింటి షౌకత్ బీ దగ్గరికి పరుగెత్తింది. పదిమందిని పెంచిన ఆ ముసలామె పిల్లవాడి కనురెప్ప ఎత్తి చూసి, కంటిపాప సూదిమొనంత అయిందనీ, ఇది అఫీము మత్తనీ చెప్పింది.

నీలమ్మ తిరిగొచ్చేసరికి మాణిక్యమ్మ బియ్యం చెరుగుతున్నది.

"పిల్లగానికి నల్లమందు పెడుతున్నవా?"

"పెడుతున్న. నా కొడుకు నిద్రపోవద్దా? అయిదుగురిని గిట్లనే పెంచిన."

"అయిదుగురిల ఎందరు మిగిలిండ్రు?"

చేట ఆగిపోయింది. మిగిలినవాడు భిక్షపతి ఒక్కడే. ఆ ఒక్కడూ నిద్రలేచి గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"దాన్నన్న ఎల్లగొట్టు, నన్నన్న ఎల్లగొట్టు" అంది మాణిక్యమ్మ. అతను ఎవరినీ వెళ్లగొట్టలేదు. కర్ర తీసుకుని, వేళ కాకముందే గోదాముకు పోయాడు.

నీలమ్మ బిడ్డతో షౌకత్ బీ ఇంటి ముందు సాయబాను నీడలో మకాం పెట్టింది. మందు అందక బిడ్డ వణికాడు, గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చాడు. పిట్టగోడ అవతల నుంచి మాణిక్యమ్మ, మొనగత్తె నిద్రపుచ్చి చూపమనండి అని అందరికీ వినబడేట్టు అనేది. షౌకత్ బీ వేడిగుడ్డతో రొమ్ములు కాపి, గట్టిపడ్డ పాలు కొంచెం పిండి, మెత్తబడ్డాక బిడ్డ నోటికి అందించమంది. తాగలేనప్పుడు ఆ పాలే ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోయించింది. వాణ్ణి గుండెకు ఆనించుకుని నిటారుగా పట్టుకోమంది. మూడో రోజు వాడు రొమ్ము పట్టి గట్టిగా లాగాడు. నొప్పికి నీలమ్మ కళ్లలో నీళ్లు తిరిగినా విడిపించుకోలేదు. కడుపు నిండి, తాగుతూ తాగుతూనే నిద్రపోయాడు. మళ్లీ మత్తేమోనన్న భయంతో ఆమె వాడి అరికాలు గీరింది. వాడు విసుగ్గా తన్నాడు.

ఆ వారమే నీలమ్మ తిరిగొచ్చి ఇంట్లో రెండో పొయ్యి పెట్టుకుంది. భిక్షపతి ఒకపూట తల్లి దగ్గర, ఒకపూట భార్య దగ్గర తినేవాడు. ఎందరు మిగిలిండ్రన్న మాటను నీలమ్మ వెనక్కి తీసుకోలేదు. దోగాడటం వచ్చాక పిల్లవాడు నాయనమ్మ వైపు పోయినప్పుడల్లా నీలమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి వాణ్ణి ఎత్తుకునేది. మాణిక్యమ్మ మొహం తిప్పుకుని, మనవణ్ణి పేరు పెట్టి పిలవకుండానే ఆ ఇంట్లో బతికింది.