తొంభై ఏడు లింకులు

గొలుసు అనగానే మెడ వైపు చూడకండి. నేను ఒక సర్వే గొలుసును. పొలాలు కొలిచేదాన్ని. ఒళ్లంతా ఇనుము, రెండు కొసల్లో ఇత్తడి పిడులు. జానెడుకు కాస్త తక్కువ పొడవుండే లింకులు నూరు కలిపి నన్ను తయారు చేశారు. నేల మీద పరిస్తే అరవై ఆరు అడుగులు. ఈనాటి లెక్కలో చెప్పాలంటే ఇరవై మీటర్ల పన్నెండు సెంటీమీటర్లు.

కలకత్తాలో ఒక కార్ఖానా నుంచి బయటికి వచ్చిన రోజున, రెండు గీతలున్న రాతిగట్టు మీద నన్ను పడుకోబెట్టి చూశారు. నా కొసలు రెండూ గీతల మీద సరిగ్గా కూర్చున్నాయి. ముద్ర కొట్టారు. ఆ ముద్రతోనే నాకు పొగరు వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మనుషులు అబద్ధం చెప్పవచ్చు, నేను చెప్పను అనుకునేదాన్ని. గట్టు దగ్గర గొంతులు చించుకుంటున్న రైతులు నన్ను పరవగానే నోళ్లు మూసుకునేవాళ్లు. పొగరు రాక ఏం చేస్తుంది?

ఒంగోలు వైపు ఒక తాలూకా ఆఫీసులో సర్వేయరు శరభయ్య చేతికి వచ్చాను. నెమ్మదైన మనిషి. పొలం కొలవడానికి పోయినచోట ఆసామి ఇంట మజ్జిగ కూడా పుచ్చుకునేవాడు కాదు. తన మరచెంబులో నీళ్లు తానే తెచ్చుకునేవాడు. నా కొస పట్టుకుని లాగేది చైన్‌మన్ పోలయ్య.

ఒక ఎండాకాలం నల్లరేగడి దారిలో నేను పరుచుకుని ఉండగా, రాళ్ల లోడుతో పోతున్న బండి చక్రం నా మీదుగా దొర్లింది. అక్కడికక్కడ తెగిపోయాను. పోలయ్య నన్ను సంచిలో వేసుకుని కమ్మరి దగ్గరికి పరిగెత్తాడు. కొలిమిలో పెట్టగానే నాకు స్పృహ తప్పింది. మళ్లీ తెలివి వచ్చేసరికి ఒకటే గొలుసుగా ఉన్నాను, పోలయ్య ఎప్పటిలాగే లాగుతున్నాడు. బతికాను అనుకున్నాను.

ఆ తర్వాత నెల తిరక్కుండానే చింతలమడుగులో భూపంపిణీ జరిగింది. ఊరి పెద్ద ఆసామి మిగులు భూమిలోంచి ఇరవై ఎకరాలు, పల్లెలో పది కుటుంబాలకు. పట్టాలు పంచడానికి పెద్ద అధికారి వచ్చే రోజు ముందే ఖరారైపోయింది. శరభయ్యకు మిగిలింది రెండు రోజులు. పొడవు ఇరవై గొలుసులు, వెడల్పు పది గొలుసులు. ఆ పొడవును పది ముక్కలు చేసి, ముక్కకు రెండేసి గొలుసులు వదిలి హద్దురాళ్లు పాతించాడు. కుటుంబానికి రెండు ఎకరాలు. ప్రకాశం, దేవదానం అని అన్నదమ్ములకు పక్కపక్క ముక్కలు వచ్చాయి. ప్రకాశం భార్య సువార్తమ్మ, చంకలో బిడ్డతో, తమ రాయి చుట్టూ మట్టిని కాలితో తొక్కి తొక్కి గట్టిపరిచింది. ఆమె ముఖం చూసి, నా జన్మకు ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

కొద్ది నెలలకు ఆఫీసులో పాత సామాను వేలం వేస్తే శరభయ్య నన్ను పాడుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఇన్నేళ్ల స్నేహం, వదులుకోలేకపోయాడు అని మురిసిపోయాను. నన్ను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ తాళం తీయలేదు.

తీసింది ఆయన కూతురు ఇందుమతి.

ఇందుమతి గుంటూరులో తెలుగు లెక్చరరుగా పనిచేసి రిటైరైంది. తండ్రి పోయాక ఆయన డైరీలు ముందు పెట్టుకుని నవల రాయడం మొదలుపెట్టింది. నవలలో నాయకుడు నిజాయితీపరుడైన ఒక సర్వేయరు. సగం రాశాక ప్రచురణ సంస్థ సంపాదకుడు రమాకాంత్‌కు పంపింది. అతను ఫోన్ చేశాడు.

“మేడమ్, చాలా బావుందండీ. కానీ ఈ గొలుసులూ లింకులూ ఇప్పటి పిల్లలకేం తెలుస్తాయండీ? మీటర్లలోకి మార్చేయండి.”

“కథ జరిగేది డెబ్బైల్లో కదండీ. మా సర్వేయరు నోటివెంట మీటర్లు వస్తే ఎబ్బెట్టుగా ఉండదూ?”

“పాత్రల మాటల్లో గొలుసులే ఉంచండి. మీరు చెప్పేచోట మీటర్లు రాయండి. పుస్తకం వెనక కొలతల పట్టిక ఒకటి ఇద్దాం.”

ఆమె ఒప్పుకుంది. ‘ఇరవై గొలుసుల దూరం పరిగెత్తాడు’ అన్న వాక్యం కొట్టేసి ‘నాలుగు వందల రెండు మీటర్ల ముప్పై మూడు సెంటీమీటర్లు పరిగెత్తాడు’ అని రాసి, తనలో తనే నవ్వుకుంది. పరిగెత్తేవాడు సెంటీమీటర్లు లెక్కపెట్టుకుంటాడా! అదీ కొట్టేసి ‘నాలుగు వందల మీటర్లు’ అని రాసింది. అంకె సరిపోయింది గానీ, ఆ దూరం ఎంతో ఆమె కాళ్లకు తెలియలేదు. డైరీ ప్రకారం చింతలమడుగులో పంచిన భూమి పొడవూ ఇరవై గొలుసులే. ఒకసారి నడిచి చూద్దామని పొడవాటి టేపు కొనుక్కుని అక్కడికి వెళ్లింది.

మొదటి రాయి నుంచి చివరి రాయి దాకా కొలిస్తే మూడు వందల తొంభై మీటర్లు వచ్చింది. మళ్లీ కొలిచింది. అంతే. తన గుణకారమే తప్పనుకుని గట్టు మీద కూర్చుని మూడుసార్లు చేసి చూసింది. లెక్క తప్పలేదు.

ఇంటికి తిరిగొచ్చి ట్రంకుపెట్టె తాళం పగలగొట్టింది. అపార్ట్‌మెంటు కింద కార్లు పెట్టుకునే చోట నన్ను పరిచి, పక్కన టేపు లాగింది. ఇన్నేళ్లకు వెలుగు చూశానన్న సంతోషంలో ఉన్నాను నేను. ఆమె వంగి టేపు మీద అంకె చూసింది.

పంతొమ్మిది మీటర్ల యాభై ఒక్క సెంటీమీటర్లు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని నా లింకులు ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది. నేనూ ఆమెతో పాటే లెక్కపెట్టాను. తొంభై అయిదు, తొంభై ఆరు, తొంభై ఏడు. ఆ తర్వాత ఆమె వేళ్లకు ఇత్తడి పిడి తగిలింది.

నలిగిన మూడు లింకుల్ని ఆ కమ్మరి తీసి పారేసి, మిగిలిన కొసలు అతికించేశాడన్నమాట! ఊళ్లన్నీ కొలిచిన నేను నన్ను ఒక్కసారి కూడా కొలుచుకోలేదు. ఆ పదిమందికి వాళ్ల రాళ్ల మధ్య నేను చూపించిన నేల అబద్ధం. కాగితం మీద ఇరవై ఎకరాలు. మట్టిలో ఎకరం పద్దెనిమిది సెంట్లు తక్కువ.

అంతకంటే పెద్ద దెబ్బ డైరీలో ఉంది. పంపిణీ జరిగిన వారానికి రాసిన పేజీ. ఇందుమతి దాన్ని ఇదివరకే చదివింది, అర్థంకాక వదిలేసింది. ఇప్పుడు దాన్ని కిందికి తెచ్చి, నా పక్కన కూర్చుని పైకి చదివింది.

“గొలుసు ఈరోజు సరిచూశాను. మూడు తక్కువ. ముందే చూడవలసింది. పట్టాలు పంచేశారు. ఇక ఎవరికి చెప్పను?”

అంటే ఆయనకు తెలుసు. ఆ రోజు నా లింకుల మీద వేళ్లు పోనిస్తుంటే దుమ్ము తుడుస్తున్నాడనుకున్నాను. నన్ను వేలంలో కొన్నది మమకారంతో కాదు, దాచడానికి. నన్ను హత్తుకున్న చేతులు అనుకున్నవి నా నోరు మూసిన చేతులు. ఆ పార్కింగులో నాకూ ఆమెకూ ఒకే తండ్రి పోయినట్టయింది.

నాలుగు రోజులు ఆమె ఒక్క వాక్యం కూడా రాయలేదు. రమాకాంత్ ఫోన్ చేస్తే విషయమంతా చెప్పింది. అతను, “నవలే కదా మేడమ్. అందులో నూరు లింకులే ఉన్నాయని రాసుకోవచ్చు. ఎవరు కొలుస్తారు?” అన్నాడు.

“నేను కొలిచానుగా,” అంది ఇందుమతి.

మర్నాడు పొద్దున నన్ను గోతాంలో వేసుకుని బస్సెక్కింది.

సువార్తమ్మకు ఎనభై దాటాయి. వసారాలో నులకమంచం మీద కూర్చుని మునగాకు దూస్తోంది. ఇందుమతి కింద కూర్చుని, తానెవరో చెప్పి, నన్ను బయటికి తీసి, జరిగింది చెప్పింది.

“మా నాన్న తప్పు పెద్దమ్మా. తెలిసీ చెప్పలేదు. ఒక్కో ముక్కలో వెడల్పు నాలుగడుగులు తగ్గింది. పొడుగులోనూ తగ్గింది.”

మునగాకు దూస్తున్న చెయ్యి ఆగిపోయింది.

“నాలుగడుగులా?”

“అవును.”

“మళ్లీ చెప్పు తల్లీ. ఎన్నడుగులు?”

“నాలుగు.”

సువార్తమ్మ ఒళ్లో మునగాకు పక్కకు దులిపేసింది. తర్వాత ఆమె చెప్పినదాని ముందు నా దిగ్భ్రాంతి ఏపాటిది!

“పట్టా ఇచ్చిన మూడో ఏడు మా ఆయన తాడేసి కొలిపిచ్చాడు. నాలుగడుగులు తక్కువొచ్చింది. మా మరిది రాత్తిరికి రాత్తిరి రాయి జరిపాడన్నాడు. వాడు జరపలేదని బైబులు మీద చెయ్యేసి చెప్పినా యినలా. వాడి ముక్క కూడా కొలిచి చూద్దామన్న తెలివి ఎవరికీ లేకపోయింది. కర్రలు తీశారు. దేవదానం కుడిచెయ్యి ఇరిగింది, మళ్లీ సరిగ్గా అతుక్కోలా. ఒక్క తల్లి బిడ్డలు, మళ్లీ ఒక పంక్తిన తినలా. వాడు పోతే మేం మట్టెయ్యడానిక్కూడా పోలా. మా ఆయన పోయేముందు కూడా అదే మాట, రాయి జరిపాడు, రాయి జరిపాడని.”

ఆ మాటలు విన్నాక కొలిమిలోనే కరిగిపోయి ఉంటే బావుండేదనిపించింది నాకు.

సువార్తమ్మ మంచం దిగింది. నా పిడి పట్టుకుంది. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో, నన్ను ఈడ్చుకుంటూ వాకిలి దాటి, దడి పక్కగా నడిచి, పక్కింటి గుమ్మం ముందు నిలబడింది. అది దేవదానం ఇల్లు. లోపల ఉన్నది అతని భార్య కరుణమ్మ. తోడికోడళ్లిద్దరూ నలభై ఏళ్లకు పైగా మాట్లాడుకోలేదు.

“కరుణా! బయటికి రాయే.”

కరుణమ్మ గుమ్మంలోకి వచ్చి, పిలిచింది ఎవరో చూసి, తలుపు చెక్క పట్టుకుంది.

“మీ ఆయన రాయి జరపలేదంట కరుణా,” అంది సువార్తమ్మ. “ఇదిగో, ఇది తక్కువంట. ఇదే తక్కువంట.”

కరుణమ్మ నా వైపు చూసింది. అంత సూటిగా నన్ను ఎవరూ చూడలేదు. ఆమె అరవలేదు, తిట్టలేదు. “నాకు తెలుసు,” అని మాత్రం అంది.

ఇందుమతి పది కుటుంబాల చేతా అర్జీ పెట్టించింది, డైరీ పేజీని జత చేసింది. నవలను మొదటి నుంచి తిరగరాసింది. సర్వేయరు ఇప్పుడు అందులో మంచివాడే, భయపడినవాడు కూడా. పుస్తకం వెనక పట్టికలో ‘ఒక గొలుసు — 19.51 మీటర్లు’ అని ఇచ్చింది. అచ్చుకు పోయేముందు రమాకాంత్ ఫోన్ చేసి, “ఇది తప్పు కదండీ?” అన్నాడు. “తప్పే. అలాగే వేయండి,” అంది.

ఏడాదికి కొత్త సర్వే జరిగింది. మూడుకాళ్ల యంత్రంతో ఒక అమ్మాయి వచ్చింది. నన్ను సాక్ష్యంగా గట్టు మీద ఉంచారు. తోడికోడళ్లిద్దరూ ఒకే గొడుగు కింద కూర్చున్నారు. మధ్యాహ్నానికి యంత్రం తేల్చింది. తక్కువైన నేల రాళ్లకు అవతల, పాత ఆసామి మనవల జామాయిల్ తోటలో ఉంది. వాళ్లు కోర్టుకు వెళ్లారు, వ్యాజ్యం ఇంకా నడుస్తోంది.

ఆ రోజు సర్వే అమ్మాయి వచ్చి, “అవ్వా, రాళ్లు పాతినచోటే ఉన్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు,” అని చెప్పింది.

సువార్తమ్మ చాలాసేపు ఆ రాళ్ల వైపే చూసి, పక్కనున్న ఆమెను అడిగింది.

“ఇప్పుడు ఆళ్లిద్దరికీ ఎట్టా చెప్పేదే కరుణా?”

కరుణమ్మ గొడుగును ఇంకొంచెం ఆమె వైపు వంచింది.