టీ పోస్తుండగా ఇచ్చిన తీర్పు

టీ ట్రే ఎప్పుడూ నా ముందే ఆగుతుంది. దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు, అందులో ఐదుగురు న్యాయమూర్తులం తలుపేసుకుని మాట్లాడుకునే గది. బంట్రోతు నలుగురు మగవాళ్ళనీ దాటుకుని వచ్చి మరీ ట్రే నా దగ్గర పెట్టి వెళ్తాడు. అలా పెట్టమని అతనికి ఎవరూ చెప్పలేదు. పొయ్యమని నాకూ ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళుగా ఇంట్లో మాత్రం ఎవరు చెప్పి చేయించుకున్నారు గనక. చేతులు వాటంతటవే లేస్తాయి. ప్రధాన న్యాయమూర్తి గారికి చక్కెర లేకుండా, ఆయన పక్కాయనకి రెండు చెంచాలు వేసి.

ఆ రోజు మా ముందున్నది ఒక దర్జీ భార్య కేసు. మొగుడి పేరున్న దుకాణంలో పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ బట్ట కత్తిరించింది, కాజాలు కుట్టింది, బేరాలు చూసుకుంది. ఇప్పుడాయన వేరే కాపురం పెట్టి, దుకాణం నాది, నువ్వెవరన్నాడు. ఆవిడ వాటా అడుగుతోంది. పెద్దల మాటకి జంకకుండా ఉండాలని, మా కోర్టులో అందరికన్నా జూనియర్ ముందు అభిప్రాయం చెప్పడం ఆనవాయితీ. జూనియర్ని నేనే. నా వంతు వచ్చేసరికి నా చేతిలో టీ కెటిల్ ఉంది. "కానివ్వండమ్మా, మీరు పొయ్యండి," అని ప్రధాన న్యాయమూర్తి గారు పక్కాయన వైపు తిరిగారు. వంతు మళ్ళీ నా దాకా రాలేదు. కొన్నాళ్ళకి తీర్పు ముసాయిదా వచ్చింది: 'మేము ఐదుగురం ఏకగ్రీవంగా.' కుటుంబం కోసం ప్రేమతో చేసిన పనికి వెల కట్టడం ఆ ప్రేమని అవమానించడమేనట. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. లేచి ప్రధాన న్యాయమూర్తి గారి గదికి వెళ్ళాను.

"నన్ను అడగలేదండీ."

"మీరు కాదనలేదు కదమ్మా."

"అప్పుడు నేను టీ పోస్తున్నాను."

ఆయన నవ్వారు. మంచి మనిషే, అదే బాధ. "అందరం ఒక్క మాట మీద ఉంటే తీర్పుకి బరువుంటుంది. మీరు విడిగా రాసినా మేం నలుగురం ఒకవైపే కదా. దానివల్ల ఆవిడకి ఒరిగేదేముంది, చెప్పండి."

నిజమే, ఏమీ ఒరగదు. తక్కువమంది రాసిన తీర్పు పట్టుకుని ఎవరూ దుకాణం తాళం తియ్యలేరు.

కేసుల సంగతి ఇంట్లో చెప్పకూడదు, చెప్పలేదు. నా ముఖం చూసి మా ఆయనే అన్నారు, "మళ్ళీ ఎవరితోనైనా పేచీయా? ఇంత పెద్ద పదవిలో ఉండి గయ్యాళని పేరు తెచ్చుకోకు." అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఇదే మాట ఇంకాస్త తియ్యగా చెప్పేవారు, "నలుగురితో నారాయణ అనమ్మా, గొడవుండదు," అని. అన్నాను. పై చదువుకి వచ్చిన సీటు వదులుకున్నప్పుడు అన్నాను, నేను చదువుకునే గది మరిది సంసారానికి ఇచ్చేసినప్పుడు అన్నాను. 'అందరం అనుకున్నాం' అనేవాళ్ళు. ఆ అందరిలో నేనెప్పుడు కలిశానో నాకే తెలియదు. రేపటికి తన చొక్కా ఇస్త్రీ అయిందా అని మా ఆయన అడుగుతున్నారు.

పెళ్ళయిన ఆడది న్యాయమూర్తి పదవికి పనికిరాదని ఒకప్పుడు ఇదే కోర్టు తీర్పిచ్చింది. ఒక్క ముసలాయన ఒప్పుకోక విడిగా రాశాడు. అప్పట్లో అది ఎవరికీ అక్కరకు రాలేదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి మరో పెద్ద బెంచి పాత తీర్పుని కొట్టేస్తూ, ఆయన వాక్యాల్నే ఎత్తి రాసి చట్టం చేసింది. ఆయన ఆ రోజు ఎందుకొచ్చిన గొడవని ఊరుకుని ఉంటే, తర్వాత వాళ్ళకి పట్టుకోవడానికి కొస దొరికేది కాదు, నేనీ కుర్చీలో ఉండేదాన్ని కాదు.

నేనూ రాశాను. నలుగురూ ముఖాలు మాడ్చుకున్నారు. ప్రధాన న్యాయమూర్తి గారు 'ఏకగ్రీవంగా' అన్న మాట కొట్టేసి, నా వాదనకి జవాబుగా బోలెడు పేజీలు రాసుకోవలసి వచ్చింది. అబద్ధమెందుకు, కాస్త తృప్తిగా అనిపించింది.

తీర్పు రోజు దర్జీ భార్య ముందు వరసలో కూర్చుంది. ముందు ప్రధాన న్యాయమూర్తి గారు చదివారు, తర్వాత నేను. నేను చదువుతున్నంతసేపూ ఆవిడ ముఖం విచ్చుకుంటూనే ఉంది, గెలిచాననుకుందేమో. నేను కాగితాలు సర్దుకుని లేస్తుంటే ఆవిడ లాయరు నచ్చజెబుతున్నాడు.

"ఓడిపోయామమ్మా. కానీ చివర్లో జడ్జిగారు చదివింది వృథా పోదు. పుస్తకాల్లో ఉంటుంది. ముందు ముందు ఎవరో ఒక ఆడకూతురికి పనికొస్తుంది."

ఆవిడ సంచీ భుజాన వేసుకుంది.

"అంటే, ఇది కూడా ఇంకొకళ్ళ కోసం ఊరికే చేసిన పనేనన్నమాట," అంది.