ఈసారి గదిలోనే

కాన్పు ఇంట్లోనే అని ఆమె ఏడో నెలలోనే తేల్చి చెప్పింది. ఇంటిల్లిపాదీ నోరెళ్లబెట్టారు. కారణం అడిగితే ఆస్పత్రి వాసన పడదంది. అసలు కారణం వేరు. ఆస్పత్రిలో మొగుళ్లను తలుపు బయటే ఆపేస్తారు. ఇంట్లో అయితే ఆ మహానుభావుడు ఎక్కడికి పారిపోతాడో చూద్దామనుకుంది.

ఆయన బస్సు కండక్టరు. ప్రయాణికుల గొంతులన్నీ అచ్చం దించేస్తాడు. పెద్దపిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చుని విన్న పెళ్లాం కేకలను కూడా అలాగే దించేశాడు. చుట్టాలు వస్తే చాలు, "అమ్మో, నావల్ల కాదు, కోసెయ్యండి!" అంటూ మొదలుపెట్టేవాడు. చివర్లో ఠక్కున ఆగి కళ్లు తేలేసేవాడు. అక్కడ అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. అందరికన్నా గట్టిగా నవ్వేది వదిన, ఆయన అక్క. ఇన్నేళ్లూ ఆ కేకలు పెట్టిన ఆమె కూడా పంటి బిగువున నవ్వింది. లోపల మాత్రం కుతకుతలాడిపోయింది.

అందుకే నర్సమ్మ ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఆమెకు కాళ్లు నేలమీద నిలవలేదు. ఇళ్లకు వచ్చి కాన్పులు చేసే నర్సమ్మ ఆవిడ. మంచం చుట్టూ తిరగడానికి చోటుందా, వేణ్ణీళ్లు ఎలా, మెట్ల మలుపులో స్ట్రెచరు పడుతుందా అని అన్నీ చూసింది.

"బకెట్లు మోసేదెవరు?"

"ఈయనే."

"నొప్పులప్పుడు నడుం పట్టేది?"

"ఈయనే. గది దాటి పోరు."

ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. చూసి ఆమె కడుపు చల్లబడింది.

నర్సమ్మ మంచం అంచున కూర్చుంది. "మొదటి కాన్పులో రక్తం ఎక్కువ పోయిందామ్మా?"

"లేదు" అనే మాట నాలుక చివరే ఉంది. అది అనేస్తే పగ తీరినట్టే. ఆయన అన్నీ కళ్లారా చూస్తాడు. తను పోవడం కూడా చూస్తాడేమో. ఆ ఆలోచన ఆమెకు కాసేపు తియ్యగానే ఉంది. గుమ్మంలో పెద్దది, గౌను బొత్తాలు తప్పుగా పెట్టుకుని, నర్సమ్మ సంచిలోకి తొంగి చూస్తోంది. దాని తల్లిని పణంగా పెట్టి ఈయనకు బుద్ధి చెప్పాలా? అంత ఖరీదు ఈయనకు లేదు.

"పోయింది. స్పృహ తప్పాను. రక్తం ఎక్కించారు."

నర్సమ్మ సంచి మూసేసింది. "అయితే ఇంట్లో మాటే వద్దు. రక్తం సిద్ధంగా ఉండే ఆస్పత్రికి వెళ్లు."

"నాకెవరూ చెప్పలేదే!" అన్నాడాయన.

"పాప ఏడుపు వినగానే మీరు మిఠాయిలకు పరిగెత్తారు. చివర్లో ఠక్కున ఆగుతారు చూడండి, అందరూ నవ్వుతారే, నేను పడిపోయింది అక్కడే. మర్నాడు చెబుదామనుకున్నాను. అప్పటికే నా కేకలు దించి వార్డంతటినీ నవ్విస్తున్నారు."

అంతలో ఫోను మోగింది. వదిన.

"ఏం తేల్చారే? ఇంట్లోనేనా?"

"ఆస్పత్రికే వదినా. ఎందుకో మీ తమ్ముడు చెబుతారు." ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఫోనును అరచేత్తో మూసి ఆమెకేసి చూశాడు.

"చెప్పండి" అంది ఆమె. "ఈసారి నవ్వరులెండి."