యమున చెప్పని పాస్‌వర్డ్

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికల్లా పెద్దవంగర చుట్టుపక్కల పల్లెల్లో ఒక మోటారు సైకిల్ తిరగడం మొదలవుతుంది. ప్రైవేటు డిగ్రీ కాలేజీ తరఫున వచ్చే మిథున్ సార్ ప్రతి ఇంట్లో చాయ్ తాగుతాడు, ఒక బ్యాగు బహుమతిగా ఇస్తాడు. పిల్లల హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డ్ డైరీలో రాసుకుని ఆన్‌లైన్‌లో డిగ్రీ దరఖాస్తు తనే నింపుతాడు. తల్లిదండ్రులు దీన్ని సాయం అనుకుంటారు.

సోమయ్య కూడా అలాగే అనుకున్నాడు. ఆయన కూతురు యమున మాత్రం అనుకోలేదు. నిరుడు పక్కింటి రజిత మిథున్‌కు పాస్‌వర్డ్ ఇచ్చి, హన్మకొండ ప్రభుత్వ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టించుకుంది. గడువు ముగిసేలోపు అదే పాస్‌వర్డ్‌తో ఎవరో లోపలికి వెళ్లి ఆ పేరును కిందికి నెట్టారు. సీటు మిథున్ కాలేజీలో వచ్చింది. రజిత చదవాలనుకున్న బోటనీ అక్కడ లేనే లేదు. ఇప్పుడామె మిరపకాయలు ఏరే కూలికి పోతోంది.

అందుకే యమున తొర్రూరులోని నెట్ సెంటర్‌కు వెళ్లి తన దరఖాస్తు తానే నింపుకుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నెట్ సెంటరాయనను పక్కకు తిరగమంది.

గడువు చివరి రోజున మిథున్ వచ్చి, బ్యాగు అరుగు మీద పెట్టి కూర్చున్నాడు.

"పాస్‌వర్డ్ చెప్పు బిడ్డా, నీ దరఖాస్తు ఒక్కసారి చూస్త."

"చెప్ప సార్."

"అబ్బో! అప్పుడే కలెక్టరైనవా? ఊరందరు ఇచ్చిన్రు. నేనేమన్న దొంగనా?"

"మీరెట్లాంటోళ్లో నాకెందుకు సార్? చదివేది నేను."

సోమయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఏందే గా మాట! సార్‌కు చెప్పు."

"బాపు, బాయికాడ మోటరు స్టార్టర్ డబ్బాకు తాళమేసి, చెవి మొలతాడుకు కట్టుకుంటవ్. ఎవరన్న మంచిగ అడిగితే ఇస్తవా?"

సోమయ్య చేయి నడుం మీదికి పోయింది. "ఎట్లిస్త? నా మడికి నీళ్లు ఎప్పుడు పెట్టాల్నో నేను చూస్కోవాలె."

"గిది గూడ గంతే."

గోడ మీదుగా రజిత తొంగిచూసింది. "సార్, నా పాస్‌వర్డ్ ఇంకా నీ డైరీల ఉన్నదా?" అని వాడకంతా వినపడేలా అడిగింది.

మిథున్ చాయ్ సగంలోనే వదిలి లేచాడు. "సీటు రాకుంటె నా దగ్గరికి రావొద్దు."

"రాను సార్. మీ బ్యాగు తీస్కపోండ్రి."

బండి చప్పుడు దూరమయ్యాక సోమయ్య మెల్లగా అడిగాడు. "నాకన్న చెప్పవా బిడ్డా?"

"నీకు గూడ చెప్ప బాపు."

ఆయన నవ్వాడు. "చెప్పకు. నేనడిగినా చెప్పకు."

పాఠకులారా, పాస్‌వర్డ్ అడిగే మనిషి మంచివాడో కాదో తేల్చే పని మనకు లేదు. మన బతుకు గురించి నిర్ణయం మనమే తీసుకోవాలి. దాన్ని చేతికిమ్మని అడిగిన వారికి మొహం మీదే "చెప్పను" అనడం అమర్యాద కాదు.