పదిహేడో ప్రశ్న

"మీకు పాలల్లో నీళ్ళున్నాయనే కాదు, నీళ్ళల్లో పాలున్నాయేమోనని కూడా అనుమానమే" అంటుంది మా ఆవిడ త్రిపురసుందరి. అంటే అననీ. ఇరవై ఆరేళ్ళుగా బందరులో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. అట్ట వెనక సూత్రాలు రాసుకొచ్చినవాణ్ణి, చెప్పుల్లో చీటీలు దాచినవాణ్ణి పట్టుకున్నాను. నా అనుమానం ఊరికే పుట్టింది కాదు.

ఇంటర్లో కొత్తగా చేరిన పిల్లలకి మా కాలేజీలో ముందు రెండు వారాలు పదో తరగతి పాఠాలే తిరగేయిస్తాం. చలనం, బలం, శక్తి. ద్రవ్యరాశికీ భారానికీ తేడా ఏమిటి, పని అని దేన్నంటారు, ఇలాంటివి. చివర్లో ఇరవై ఐదు బిట్లతో పరీక్ష. మొదటి ముప్ఫై మందికీ ఉచిత బ్యాచ్‌లో సీటు, పుస్తకాలు, హాస్టలు. దిద్దడం తేలికగా ఉంటుందని జవాబు మాత్రమే గడిలో రాయమంటాను. ఎలా వచ్చిందో రాయక్కర్లేదు.

నిరుడు స్టాఫ్ రూములో నా సొరుగులోంచి ఎవరో జవాబుల కీ కొట్టేశారు. పదకొండు పేపర్లు ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. దొంగ ఎవరో తేలలేదు. అందుకని ఈసారి నేనే ఎర వేశాను. సొరుగుకి తాళం వెయ్యకుండా అందులో ఒక కీ పెట్టాను. ఇరవై నాలుగు జవాబులు సరైనవే. పదిహేడోది మాత్రం తప్పు.

ఆ ప్రశ్న ఇది. 'ఇసుక మీద ఉన్న పడవను ఆరుగురు ఒకే తాడుతో ఒకే వైపుకు లాగుతున్నారు. ఒక్కొక్కరి బలం 250 న్యూటన్లు. తాడు ద్వారా పడవ మీద పడే మొత్తం బలం ఎంత?' ఎవరైనా 1500 అంటారు. నా దొంగ కీలో ఆరుకి బదులు ఐదు వేసి 1250 అని రాశాను. ఆ అంకె ఎవరి పేపర్లో కనిపిస్తే వాళ్ళే దొంగలు. ఈ సంగతి నాకు తప్ప రెండో మనిషికి తెలియదు.

శుక్రవారం పరీక్ష అయింది. సాయంత్రం ఇంట్లో దిద్దుతుంటే నలభై రెండో పేపర్లో దొరికింది. ఇరవై నాలుగు ఒప్పులు, పదిహేడో గడిలో 1250. పేరు చూశాను. శ్రీదుర్గ, మంగినపూడి.

నేను ఆశ్చర్యపోలేదు. క్లాసులో ఆ పిల్ల ఓ రోజు లేచి, "సార్, గోడని గంటసేపు తోస్తే చెమటలు పడతాయి కదండీ, మరి పని సున్నా అంటే ఎలాగండీ?" అని అడిగింది. స్థానభ్రంశం లేకపోతే పని లేదమ్మా అని రెండుసార్లు చెప్పినా మొహంలో తృప్తి కనపడలేదు. ఆ మాత్రం ఎక్కని పిల్లకి ఇరవై నాలుగు ఒప్పులెలా వస్తాయి? పైగా గురువారం ఏదో సందేహమంటూ స్టాఫ్ రూముకి వచ్చి సరిగ్గా ఆ సొరుగు పక్కనే నిలబడింది.

శనివారం క్లాసులో అడిగాను. "పరీక్షకి ముందు కీ చూసినవాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, శ్రీదుర్గ చున్నీ సర్దుకుంది. అది చాలు నాకు. క్లాసయ్యాక స్టాఫ్ రూముకి పిలిచాను.

"ఎవరిచ్చారు నీకు?"

"ఏంటండీ?"

"కీ."

"నాకెవరూ ఏమీ ఇవ్వలేదండీ."

నాలుగు రకాలుగా అడిగాను. నాలుగుసార్లూ అదే మాట. ఏ ప్రశ్న దగ్గర దొరికిందో నేను చెప్పలేదు. చెబితే ఎర సంగతి బయటపడి వచ్చే ఏడాదికి పనికిరాదు కదా. చివరికి ఆమె ముందే పేపరు తీసి, మార్కులన్నీ అడ్డంగా కొట్టేసి సున్నా వేశాను. ఆ పిల్ల ఏడవలేదు. ఆ సున్నా వైపు ఓసారి చూసి వెళ్ళిపోయింది. ఏడవకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

కాలేజీలో చేర్చేటప్పుడు వాళ్ళ నాన్న నాగబాబు, "సీటొస్తే చదువుద్దండీ, లేదంటే వాళ్ళమ్మతో పాటు రొయ్యల షెడ్డులో పనికెళ్ళుద్ది" అన్నాడు. ఆ మాట గుర్తొచ్చి మనసు కాస్త పీకింది. కానీ జాలిపడితే నిజాయితీగా రాసినవాళ్ళకి అన్యాయం అని సర్దిచెప్పుకున్నాను. జాబితా సోమవారం పొద్దున్నే నోటీసు బోర్డు మీద పెట్టాలి.

శనివారం రాత్రంతా ఒకటే ఆలోచన. కీ ఆ పిల్లే తీసిందా, ఎవరైనా అందించారా? స్టాఫ్ రూము తాళాలు అటెండరు బాబ్జీ దగ్గరుంటాయి. బాబ్జీదీ మంగినపూడే! ఈ సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే మంగినపూడికి ఆటో ఎక్కాను. ఇద్దర్నీ ఒక్కచోట పట్టుకుంటే ఇక బుకాయించలేరు.

అక్కడ సముద్రం ఒడ్డున నేను కోరుకున్నదే కనిపించింది. వేట నుంచి వచ్చిన పడవని పైకి లాగుతున్నారు. తాడు ముందు నాగబాబు, వెనకే బాబ్జీ! పక్కన శ్రీదుర్గ పడవ కిందికి దుంగలు సర్దుతోంది. దొరికారు అనుకున్నాను. పక్కనున్న మరో పడవ చాటున నిలబడి తాడు పట్టుకున్నవాళ్ళని లెక్కపెట్టాను. ఆరుగురు. చివర్న ఒక ముసలాయన.

ఆయన పాట అందుకున్నాడు. ఆయన పదం ఎత్తగానే ఐదు వీపులు ఒక్కసారి వంగాయి, పడవ మూరెడు జరిగింది. ఇంతలో ఆయనకి దగ్గొచ్చి పాట ఆగింది. మిగిలినవాళ్ళు తలో క్షణాన తలో గుంజు గుంజారు. పడవ కదల్లేదు.

నన్ను చూసి నాగబాబు తాడు వదిలి గబగబా వచ్చాడు. "మేస్టారండీ! మీరేంటండీ ఇట్టా వచ్చారు?"

వచ్చిన పని దాచి, "ఆరుగురు లాగినా కదలదేమయ్యా?" అన్నాను.

"ఆరుగురేంటండీ, లాగేది ఐదుగురమే. మా నాన్న పున్నారావు పాట చెప్తాడండీ. పాట చెప్పేవోడు తాడు పట్టుకుంటాడు గానీ లాగడండీ. మనిషి లెక్కలో ఉంటాడు, వాటా ఉంటది. బలం లెక్కలో ఉండడు."

నా చెవులు వేడెక్కాయి. ఎండకి కాదు. ఆరుగురిలో ఐదుగురు. పన్నెండు వందల యాభై.

శ్రీదుర్గని పిలిచి అడిగాను. "పదిహేడో ప్రశ్నకి 1250 ఎలా వేశావమ్మా?"

"ఆరుగురన్నారు కదండీ. ఒకళ్ళు పాటకి పోతే ఐదుగురండీ."

"అందరూ లాగుతున్నారని ఇచ్చానుగా?"

"అందరూ లాగితే పాటెవరు చెప్తారండీ? పాట లేకపోతే పడవ కదలదు కదండీ."

పడవ ముఖం ఎరగని నేను పడవ లెక్క ఇచ్చాను. పడవ ఎరిగిన పిల్ల జవాబు రాసింది. ఎర కోసం నేను ఎంచుకున్న అంకే ఆమెకి న్యాయంగా వచ్చిన అంకె అయింది. "నిన్న నాకెందుకు చెప్పలేదు?" అన్నాను, ఇంకా తప్పు ఆమె మీదికే నెట్టబోతూ.

"ఎవరిచ్చారని అడిగారు గానీ, ఎలా వచ్చిందని మీరడగలేదండీ."

సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. "రేపు నీ పేరు జాబితాలో ఉంటుందమ్మా. తప్పు నాది" అన్నాను.

ఆ పిల్ల సంతోషపడుతుందనుకున్నాను. ఆమె మాత్రం ఇంకా లెక్కలోనే ఉంది. "నా జవాబు ఒప్పాండీ, తప్పాండీ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "తప్పేనమ్మా. ప్రశ్నలో ఒక్కొక్కరి బలం అని ఉంది. ఆరుగురినీ కలపాలి."

ఆమె తలూపింది. "అయితే ఆ ఒక్క మార్కూ కొట్టెయ్యండి సార్. మిగతా ఇరవై నాలుగూ ఎందుకు కొట్టేశారండీ?"

"ఇరవై నాలుగేంటే? కొట్టెయ్యడమేంటి?" అన్నాడు నాగబాబు. సున్నా సంగతి ఆ పిల్ల ఇంట్లో చెప్పలేదు. బాబ్జీ కూడా తాడు వదిలి దగ్గరికొచ్చాడు. పున్నారావు ఇసుకలో కూలబడి నా వైపే చూస్తున్నాడు. నీ కూతుర్ని దొంగ అనుకున్నానయ్యా, బాబ్జీని కూడా అనుకున్నాను అని, వాళ్ళందరి ముందూ నేనే చెప్పాల్సి వచ్చింది.