తయారీ సమయం

"పది నిమిషాల పని. రాసి పడెయ్" అన్నాడు భర్త, కాగితం ఆమె ముందుకు తోస్తూ. "మన బంగాళాదుంప ఉండలు, అల్లం నిమ్మరసం."

ఆయన అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి. వచ్చే ఆదివారం పన్నెండు ఇళ్లవాళ్లూ మేడ మీద కలిసి భోంచేస్తారు. ఆ రోజు 'పది నిమిషాల్లో ఇంటి విందు' అని ఒక చిన్న పుస్తకం పంచాలని ఆయన సరదా. సరదా ఆయనది, వంటలు ఆడవాళ్లవి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా!

ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. అక్కడ ప్రతి గొట్టం మీదా రక్తం ఎప్పుడు తీశారో, పరీక్ష ఎప్పుడు ముగిసిందో రాయాలి. పదిహేనేళ్లలో ఒక్క నిమిషం తప్పు రాయలేదు. అలాంటి చెయ్యి 'తయారీ సమయం' అన్న గడి దగ్గర ఆగిపోయింది. పది అని రాయడానికి మనసొప్పలేదు. మర్నాడు సెలవు కావడంతో గడియారం పక్కన పెట్టుకుని అవే వండింది. సంచి పట్టుకుని దుంపలకు వెళ్లిరావడం, మట్టి పోయేదాకా కడగడం, ఉడికించడం, వేళ్లు కాలుతుంటే తొక్క తీయడం, మధ్యలో ఆయన కళ్లజోడు వెతికిపెట్టడం, ఉండలు చుట్టి వేయించడం, నిమ్మకాయలు పిండడం, నూనె చిందిన పొయ్యి తుడవడం, గిన్నెలు తోమడం. ఆ గిన్నెల దగ్గరే పెళ్లైన కొత్తలో సంగతి గుర్తొచ్చింది. ఇరవైమంది తిని లేచాక మామగారు మూతి తుడుచుకుంటూ, "మా ఇంటి నీళ్ల మహిమమ్మా, ఏం వండినా రుచే" అన్నారు. అందరూ ఔనన్నారు. ఆ రోజు ఆమె వంటగదిలోకి వెళ్లి ఏడ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

చేతులు తుడుచుకుని, చేసిన పనులన్నీ వరుసగా రాసి, గడిలో మొత్తం వేసింది: మూడు గంటల నలభై నిమిషాలు.

భర్త చదివి నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ముఖం మాడ్చుకున్నాడు.

"గోరంతను కొండంత చేయకు. పది అని దిద్దేస్తాను."

"దిద్దేట్టయితే నా వంట తీసేయండి."

"నలుగురిలో నా పరువు తీస్తావా?"

"తప్పు సమయం రాస్తే నా పరువు పోతుంది."

సోఫాలో కూర్చున్న అత్తగారు ఆ కాగితం ఇలా తెమ్మని చెయ్యి చాచింది. ఇక అక్షింతలు తప్పవనుకుంది కోడలు. అత్తగారు కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"రొట్టె ఎండబెట్టి పొడి కొట్టావు కదే, అది రాయలేదేం? ఇంకో అరగంట కలుపు" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నా వంటకెంతసేపు పట్టేదో ఎప్పుడైనా అడిగార్రా ఎవరైనా?" అంది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

కోడలు అరగంట కలిపి, ఆ కాగితం ఫొటో తీసి అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందరికీ పంపింది. సాయంత్రానికి కార్యదర్శిగారి ఫోన్ మోగడం మొదలైంది. కింది అంతస్తు దర్జీ తన సూప్‌కి రెండుంపావు గంటలు వేయమంది. ఎదురింటి టీచరమ్మ, "మా పుచ్చకాయ రసానికి గింజలు మీరు తీస్తారా అన్నయ్యా?" అని నిలదీసింది. రెండు రోజుల్లో పన్నెండు సమయాలూ మారిపోయాయి. అవన్నీ తీసేస్తే పుస్తకానికి అట్ట తప్ప ఏమీ మిగలదు. చేసేది లేక ఉన్నదున్నట్టు అచ్చు వేయించాడు, అట్ట మీద 'పది నిమిషాల్లో' కొట్టేసి.

ఆదివారం మేడ మీద కార్యదర్శిగా ఆయనే నిలబడి పుస్తకం చదవాల్సి వచ్చింది. "తయారీ సమయం, నాలుగు గంటల పది నిమిషాలు." మగవాళ్లు గొల్లున నవ్వారు. ఆడవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. ఆ నవ్వు ఎక్కడిదక్కడ చల్లారిపోయింది. భర్త గొంతులో తన నాలుగు గంటలు విన్న ఆమెకు, ఎవరో పేరు పెట్టి పిలిచినంత సంతోషం కలిగింది.

"సరే, వచ్చే నెల విందు ఎవరింట్లో?" అడిగాడు పైయింటి డాక్టరు, మాట మార్చడానికి.

"మా ఇంట్లోనే" అన్నాడు భర్త, అలవాటుగా ఆమె వైపు చూస్తూ.

"తప్పకుండా రండి. ఆయనే వండుతారు" అంది ఆమె. "పుస్తకం ఆయన చేతిలోనే ఉంది."