చేవకర్ర చెప్పిన పేరు

మా దీవిలో ఎండ కాస్త ముఖం చూపిస్తే చాలు, ఇంటింటా నిచ్చెనలు లేస్తాయి. సముద్రం వైపు గోడకి తెల్లరంగు, మిగతా మూడింటికీ చవకలో ఎరుపు. పడవల్లో పోయేవాళ్ళు చూసేది ముందు గోడేగా మరి! ఆ ఏడు ఐవిన్ ఇంట్లో ఆ ముందు గోడ కిటికీల చుట్టూ ఉన్న చెక్క పట్టీలు పుచ్చిపోయాయి. వేలు పెడితే లోపలికి దిగిపోతోంది. భార్య రాగ్నా అతన్ని ఔడున్ కర్రకోత మిల్లుకి లాక్కెళ్ళింది.

రంగు పడని చెక్కకి చెవి ఆనిస్తే, దానికి రెండోసారి రంగు వేసేదెవరో పేరు చెబుతుంది. చేవలేని కర్రకి మూడేళ్ళకే రంగు పెచ్చులూడుతుంది. చేవ ఉన్న పైన్ కర్ర అయితే పుష్కరం దాకా దాని వంక చూడక్కర్లేదు.

ఐవిన్ తిన్నగా చేవలేని చవక చెక్కల దగ్గరికెళ్ళి చెవి పెట్టాడు. "ఇవి చాలు. నా పేరే చెబుతున్నాయి."

"చాల్లే సంబడం! రెండు వానలకే ఉబ్బుతాయవి," అంది రాగ్నా.

"వయసు గీతలు ఇంత దగ్గరగా ఉన్న చేవకర్ర మళ్ళీ దొరకదు బాబాయ్," అన్నాడు ఔడున్.

ఐవిన్ అటు చూడనైనా లేదు. గుండెకి ఆపరేషన్ కావాలని డాక్టరు చెప్పి చలికాలమంతా గడిచిపోయింది. బల్లమీదే పోతానని అతని భయం. పుష్కరం నాటికి తనుండడని ఆ కర్ర నోట వినడమంటే ఇంకా భయం.

రాగ్నాయే చెవి ఆనించింది. "రాగ్నా," అంది చేవకర్ర.

ఆమె గబుక్కున చెవి వెనక్కి తీసేసుకుంది.

"ఏమందే?" అన్నాడు ఐవిన్.

"నీ పేరే. ఇంత ఆయుష్షు పెట్టుకుని ఆపరేషన్‌కి ఏడుస్తావేం, పిరికి సన్నాసీ!"

"నిజంగా?"

"కర్ర ఎప్పుడైనా అబద్ధమాడిందా?"

తను వినే ధైర్యం ఐవిన్‌కి లేదు. ఆమె మాటే నమ్మి ఆ చేవకర్రే కొన్నాడు. వారం తిరక్కుండా ఇద్దరూ పడవెక్కి పట్నం ఆసుపత్రికి వెళ్ళారు.

చిక్కి సగమై తిరిగొచ్చాడు గానీ, వచ్చీరాగానే బ్రష్షు అడిగాడు. పట్టీలు గోడకి కొట్టకముందే వెనకవైపూ, కోసిన చివరలకీ రంగు పట్టించాలి. డబ్బా మూత తీసి, ఏం తోచిందో, చెక్కమీదికి వంగాడు.

"వద్దయ్యా, ముందు కాఫీ తాగు," అంది రాగ్నా, గబగబా అడ్డొస్తూ.

అప్పటికే చెవి ఆనించాడు. "నువ్వు చెప్పిందే. నా పేరే," అని నవ్వాడు.

ఆమె అతన్ని పక్కకి నెట్టి తనూ వింది. "ఐవిన్," అంది, మిల్లులో "రాగ్నా" అన్న ఆ చెక్కే.

రాగ్నా గడ్డిమీదే కూలబడి, భోరుమంది.

"నీకు ముందే తెలుసు కదే! ఇప్పుడెందుకూ ఏడుపు?" అన్నాడు ఐవిన్, ఏమీ పాలుపోక.